అక్షరం వేరు, అక్షరం బొమ్మ వేరు

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పుస్తకంలో 'క' అనే అక్షరం ఉంది. దాని పక్కనే 'క'ను ఫోటో తీసి అంటించాం. రెండింటికీ తేడా ఉందా? కాగితం మీద లేదు. కంటికి రెండూ ఒక్కటే. కాని కంప్యూటరుకు మాత్రం ఒకటి అక్షరం, రెండవది ఉత్త బొమ్మ. ఈ తేడా ఎంత పని చేస్తుందో నాకు ఒక సాయంత్రం తెలిసివచ్చింది.

ఇబ్రహీంపట్నంలో మా బడిలో చదివి కాలేజీకి వెళ్ళిన కుర్రవాడొకడున్నాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. స్కాలర్‌షిప్పు గడువు చివరిరోజున ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పేరు, మార్కులు, బ్యాంకు ఖాతా అన్నీ తానే నింపాడు. చివరికి "కింద కనిపించే అక్షరాలు టైపు చేయండి" అని వచ్చింది. అవి వంకరటింకరగా గీసిన అక్షరాల బొమ్మ! "సార్, ఆ ఆరు అక్షరాలు చదివి పెట్టండి" అన్నాడు. నేను కళ్ళద్దాలు వెదికేలోగా సమయం మించి పేజీ మూసుకుపోయింది. మళ్ళీ మొదటినుంచి నింపితే రాత్రికి పని పూర్తయింది. ఆ దరఖాస్తులో అతనికి తెలియనిది ఒక్కటీ లేదు. నా అవసరం పడింది ఆ ఆరు అక్షరాలకే!

చూపులేనివారు ఎలా చదువుతారు?

ఇంతకీ అతను మిగతాదంతా ఎలా నింపాడు? తెరను చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. వీటిని స్క్రీన్ రీడర్లు అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనేది ఇలాంటిదే. కంప్యూటరులో వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రామును 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ మొదలుపెట్టగా, తరువాత జేమ్స్ టే ఆయనతో కలిశారు. వారిద్దరూ అంధులే!

కంప్యూటరు లోపల అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కొక్క అంకె కేటాయించిన పద్ధతి యూనికోడ్. దీని మొదటి కూర్పు 1991లో వచ్చింది. అందులో 'అ'కు 3077, 'క'కు 3093. స్క్రీన్ రీడరు ఈ అంకెల వరుసను తీసుకుంటుంది. వాటిని ధ్వనిగా మార్చే భాగం 'క' అని పలుకుతుంది. ఆ అంకెలనే చుక్కలుగా మార్చి, వేళ్ళకు తగిలే బ్రెయిలీగా కూడా అందించవచ్చు. అదే ఫోటో అయితే లోపల ఉండేది రంగుచుక్కల లెక్క మాత్రమే. 'క' అనే సమాచారం అందులో ఎక్కడా లేదు.

వంకర అక్షరాల బొమ్మ సంగతి మరీ విచిత్రం. యంత్రం చదవకూడదనే దాన్ని అలా గీస్తారు. కాని చూపులేనివారికి ఆ యంత్రమే కదా కన్ను!

తెలుగుకు వచ్చిన చిక్కు

యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగును తెరమీద చూపడానికి ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు 'బి' ఉండే చోట 'క' బొమ్మను పెట్టారనుకోండి. చూసేవారికి 'క' కనిపిస్తుంది. కంప్యూటరు మాత్రం అది 'బి' అనే అనుకుంటుంది. చదివించి చూస్తే తెలుగు వార్త కాస్తా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గోల అవుతుంది! అచ్చుపని కోసం ఇలాంటి ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లు ఇప్పటికీ ఎదురవుతుంటాయి.

అయితే బొమ్మలే పెట్టకూడదా? పెట్టవచ్చు. ప్రతి బొమ్మకూ కంటికి కనిపించని ఒక వివరణ జతచేసే వీలుంది. మన పెద్ద చెరువు ఫోటో పెట్టారనుకోండి. వివరణ లేకపోతే స్క్రీన్ రీడరు "బొమ్మ" అని ఊరుకుంటుంది, లేదా ఫైలు పేరు చదువుతుంది. "అలుగు పారుతున్న ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు" అని రాస్తే వినేవారి మనసులో చెరువు నిండుతుంది.

అవసరాలు అందరివీ ఒకటి కావు. చెవులు వినపడనివారికి వీడియో కింద మాటలు అక్షరాలలో రావాలి. మౌసు పట్టలేనివారికి కీబోర్డుతోనే పని జరగాలి. "ఎర్ర గడులు నింపండి" అంటే రంగుల తేడా తెలియనివారు ఏం చేస్తారు? లేత బూడిదరంగు అక్షరాలు తెల్లని తెరమీద ఉంటే మాలాంటి వయసువారికే కష్టం. వెబ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఇలాంటివాటికి 1999లోనే సూత్రాలు ప్రకటించింది. మామూలు అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని 2008 నాటి కూర్పు చెప్పింది. తెలుపు మీద నలుపుకు ఇది 21:1.

దయ కాదు, హక్కు

2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో దివ్యాంగులు సుమారు 2 కోట్ల 68 లక్షలమంది. అందులో చూపు లోపమున్నవారు 50 లక్షలు. ఎలక్ట్రానిక్ సమాచారం వీరికి అందేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, కనీస ప్రమాణాలు తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. ఆ కేసులో దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది ఎవరో తెలుసా? మన హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం!

మరొక కేసులో, యాసిడ్ దాడికి గురైన ఒక మహిళ బ్యాంకు ఖాతా తెరవబోతే, కెమెరా ముందు కళ్ళు ఆర్పమన్నారు. ఆమె ఆర్పలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఇలాంటి సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది.

మీరే పరీక్షించండి

ఏదైనా తెలుగు పేజీ తెరిచి ఒక మాట మీద వేలు నొక్కి పట్టండి. ఆ మాట ఒక్కటే ఎంపిక అయితే అది అక్షరం. కాకపోతే బొమ్మ కావచ్చు. ఎంపికైన మాటను కాపీచేసి వేరేచోట అతికించండి. పిచ్చి అక్షరాలు వస్తే అది పాత ఫాంటు అన్నమాట. బడి కంప్యూటరుకు మౌసు తీసేసి, ట్యాబ్, ఎంటర్ మీటలతోనే ఒక ఫారం నింపగలరేమో చూడండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. మీరు మౌసు మళ్ళీ తగిలిస్తారు. కొందరు అక్కడే ఆగిపోతారు.

చివరగా నా తప్పు కూడా చెప్పాలి. నల్లబల్ల మీద రాసిన నోట్సును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం నాకు అలవాటు. ఆ కుర్రవాడు మా బడిలో ఉన్న రోజుల్లోనూ అదే చేశాను. అతను ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు, పక్కవాడిచేత చదివించుకున్నాడు. ఇప్పుడు టైపు చేసి పెడుతున్నాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.