మీకు తెలుసా? తెరపై తండ్రీకొడుకులు, ఇంట బాబాయి అబ్బాయి

కుటుంబ వైరముల కథ లనగానే కొత్తచెరువు ప్రాంతపు ప్రేక్షకులకు సీమ కక్షల చిత్రములే స్ఫురించుట సహజము గాని, 2013 నుండి 2020 వఱకు అమెరికా టెలివిజనులో సాగిన ‘రే డోనవన్’ ధారావాహికను స్వీకరించి, చెఱనుండి విడుదలయైన తండ్రికిని, సంపన్నుల చిక్కులను గుట్టుగా చక్కబెట్టు కుమారునికిని నడుమ రగిలిన వైరమును ముంబయి నేపథ్యమున చిత్రించి, 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన ‘రానా నాయుడు’లో ఆ తండ్రీకొడుకులుగా నటించిన వెంకటేశ్, రానా దగ్గుబాటి నిజజీవితమున బాబాయి, అన్నకొడుకు. నిర్మాత డి. రామానాయుడు ఒకరికి తండ్రి, మరియొకరికి తాత.

హిందీలో నిర్మితమైన ఈ ధారావాహిక యొక్క తెలుగు అనువాదములోని అసభ్య సంభాషణములు, వెంకటేశును ఇంటిల్లిపాదియు మెచ్చు కథానాయకునిగా అభిమానించినవారిని నొప్పించెను. ఆ నొప్పి, నిజము చెప్పవలెనన్న, నిష్కారణము కాదు. అయినను రెండవ భాగము 2025 జూన్ 13న వెలువడినది.