ఏరు దాటాక బోడి మల్లన్న

మా చిన్నాయన బెంగళూరులో ఒక బిల్డింగు పనికి పోయి, పై స్లాబు పడేదాకా ఏడు నెలలు ఉన్నాడు. అంతవరకు మేస్త్రీ బీడీకట్ట కూడా తనే తెచ్చిచ్చేవాడంట. స్లాబు పడిన మర్నాటి నుంచి వరస మారింది. నీళ్ల ట్యాంకరు రాలేదు, షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు, మాటమాటకీ బూతులు. తట్టుకోలేక ఒక రాత్రి మడకశిర బస్సెక్కేశాడు. ఐదు వారాల కూలి అక్కడే నిలిచిపోయింది. అడగబోతే "పని ఇడిసిపెట్టి పోయింది నువ్వే కదా" అన్నారు. ఆయన అక్కడ పనిచేసినట్టు ఏ కాగితంలోనూ లేదు.

నేను ఉపాధి హామీ పనిలో మేటుని. పొద్దున కందకాల దగ్గర హాజరు తీసేది నేనే. ఇప్పుడు ఫోనులో ఫొటో తీసి పంపుతున్నాం గానీ, కాగితం మస్టరు రోజుల నుంచీ మా గుంపులో ఒక పెద్దమ్మ "పాపా, నా పేరు ఎక్కిందా?" అని అడగందే గడ్డపార పట్టదు. అందుకేనేమో, 1787లో థామస్ క్లార్క్‌సన్ అనే 27 ఏళ్ల ఇంగ్లీషు కుర్రాడు ఓడల మస్టర్లు తిరగేసిన సంగతి చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఓడలు మనుషుల్ని అమ్మే ఓడలు. బ్రిస్టల్, లివర్‌పూల్ రేవుల నుంచి బట్టలు, తుపాకులు వేసుకుని ఆఫ్రికాకు పోయేవి. ఆ బట్టల్లో మన కోరమాండల్ తీరంలో నేసినవీ ఉండేవి. అక్కడ మనుషుల్ని కొని, సంకెళ్లేసి, అట్లాంటిక్ దాటించి వెస్టిండీస్ చెరకుతోటలకు అమ్మేవాళ్లు. ఇది మనకు దూరపు కథేం కాదు. అంతకు వందేళ్ల ముందే డచ్చివాళ్లు పులికాట్ రేవు నుంచి మనవాళ్లను వేలల్లో బటావియాకు (ఇప్పటి జకార్తా) ఎత్తుకెళ్లారు. కరువు పడిన ఏడే ఆ వ్యాపారం జోరుగా సాగేది. తిండి లేక తల్లిదండ్రులు బిడ్డల్ని అమ్ముకున్న ఏళ్లవి. కరువు నేల మీద పుట్టినదాన్ని, ఆ మాట చదివి ముందుకు పోలేకపోయాను.

బానిస ఓడలో పనంటే నావికులు ఇష్టపడేవాళ్లు కారు. ఈ వ్యాపారాన్ని ఆపించాలని సాక్ష్యాలు వెతుకుతున్న క్లార్క్‌సన్ బ్రిస్టల్‌లో మార్ష్ వీధి సారాకొట్లకు అర్ధరాత్రిళ్లు పోయి చూశాడు. కొట్టువాడు అప్పు మీద తాగబోస్తాడు. అప్పు పెరిగాక రెండే దారులు చూపిస్తాడు: జైలుకు పోతావా, ఓడెక్కుతావా? ఎక్కాక కెప్టెనే రాజు. తిండి, నీళ్లు, కొరడా అన్నీ అతని చేతిలోనే. 'బ్రదర్స్' అనే ఓడ నావికులు దొరక్క రేవులోనే నిలిచిపోయింది. అంతకు ముందు ప్రయాణంలో దాని మీద 32 మంది నావికులు చచ్చిపోయారు. జాన్ డీన్ అనే నల్లజాతి నావికుణ్ణి, బానిస కాదు, జీతగాణ్ణే, చిన్న విషయానికే డెక్కు మీద బోర్లా కట్టేసి, వీపున కాగిన కీలు పోయించి, కాల్చిన పటకారుతో గాట్లు పెట్టించాడు కెప్టెన్.

ఇంత క్రూరత్వం వట్టి కోపమే అనుకుంటే పొరపాటు. అందులో లెక్క ఉంది. బందీలు తిరగబడకుండా కాపలా కాయడానికి పోయేటప్పుడు మనుషులు ఎక్కువ కావాలి. వెస్టిండీస్‌లో అమ్మకం అయిపోతే తిరుగు ప్రయాణానికి అంతమంది అక్కర్లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. తిండి తగ్గించి, కొరడా పెంచితే వాళ్లే పారిపోతారు. పారిపోయినవాడి జీతం మిగిలిపోతుంది. జబ్బుపడి రేవుల్లో పడి ఉన్న ఆ నావికులకు కాస్త కూడు పెట్టిందీ, చస్తే పూడ్చిపెట్టిందీ చాలాచోట్ల అక్కడి బానిసలే.

ఊరికే పడి ఉన్నవాళ్లే కాదు, తిరగబడినవాళ్లూ ఉన్నారు. 1775 ఆగస్టులో లివర్‌పూల్‌లో 'డెర్బీ' ఓడకు తాళ్లూ తెరచాపలూ బిగించాక, నెలకు 30 షిల్లింగులన్న జీతాన్ని యజమానులు 20 చేశారు. నావికులు ఆ తాళ్లన్నీ కోసిపారేశారు. జైల్లో వేస్తే వేలమంది వచ్చి విడిపించుకున్నారు. వ్యాపారుల వైపు నుంచి కాల్పులు జరిగి కొందరు చనిపోయాక, ఓడల ఫిరంగులు ఈడ్చుకొచ్చి వర్తక భవనం మీద పేల్చారు.

కోర్టుకు పోతే సాక్షులు మాయమయ్యేవాళ్లు. 'థామస్' ఓడ మీద విలియం లైన్స్ అనే నావికుణ్ణి చంపారన్న కేసులో సాక్షుల్ని క్లార్క్‌సన్ వేల్స్ బొగ్గుగనుల్లో వెతికి పట్టుకున్నాడు. వాళ్లను తీసుకొచ్చేసరికి నిందితుణ్ణి వదిలేశారు. మరి మస్టరును ఎక్కడికి పంపేస్తారు? 1747 నాటి చట్టం ప్రకారం ప్రతి కెప్టెనూ నావికుల పేర్లు రాసి రేవులో అప్పజెప్పాలి: ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగాడు, చచ్చాడా, పారిపోయాడా. క్లార్క్‌సన్ 20,000 మంది నావికుల వివరాలు కూడగట్టాడు. లివర్‌పూల్‌కు తిరిగొచ్చిన 88 బానిస ఓడల్లో బయలుదేరినవాళ్లు 3,170 మంది. ఇల్లు చేరింది 1,428. చనిపోయింది 642. మిగతావాళ్లు ఆఫ్రికాలోనో వెస్టిండీస్‌లోనో దిగిపోయారు. ఈ వ్యాపారం నావికులను తయారుచేసే బడి అని పార్లమెంటులో వాదించేవాళ్లకు ఈ అంకెలు చూపించాడు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని 1807లో నిషేధించడానికి పోగుపడిన సాక్ష్యాల్లో ఇదొకటి.

నావికులను నేను వెనకేసుకు రావడం లేదు. కెప్టెన్ చేతిలో తిన్న దెబ్బలను వాళ్లు కింద అరలో ఉన్న బందీల మీద తీర్చుకున్నారు. ఆ మస్టరులో నావికుడి పేరుంది. అదే ఓడలో పోయిన బందీ పేరు అందులో లేదు. పులికాట్‌లో ఎక్కిన కరువు బిడ్డల పేర్ల కోసం వెతికాను. నాకు దొరికినవి ఎంతమంది అన్న అంకెలే.

పోయిన వేసవిలో చిన్నాయనను అరుగు మీద కూర్చోబెట్టి, చేరిన రోజు, స్లాబు పడిన రోజు, బస్సెక్కిన రోజు నోటుబుక్కులో రాసుకున్నాను. "ఇప్పుడెందుకు పాపా ఇదంతా?" అన్నాడు. షెడ్డులో ఆయనతో పాటు 38 మంది ఉండేవాళ్లట. వేళ్లు ముడుస్తూ చెప్పుకుంటూ పోయాడు. పొద్దుగూకేసరికి 19 పేర్లు గుర్తొచ్చాయి.