మోకాలి దిగువ ధమనుల అవరోధం – బెలూన్ చికిత్స: కొల్లేరు ప్రాంత నేపథ్యం

ఆకివీడు, కైకలూరు పరిసరాలలో వరిచేలు చేపల చెరువులుగా మారినా శ్రామికుని పాదానికి తడి తప్పలేదు. మధుమేహం ముదిరి పాదాల నాడులు మొద్దుబారినవానికి నత్తగుల్ల కోసినా, చేపముల్లు దిగినా తెలియదు. రక్తనాళాలు కూడా పూడి ఉంటే ఆ చిన్న గాయమే మానక వేలు నల్లబడుతుంది. నొప్పి లేనందువలన అతడు వైద్యుని వద్దకు ఆలస్యంగా చేరుతాడు.

మోకాలి దిగువన రక్తం ప్రధానంగా మూడు ధమనుల ద్వారా ప్రవహిస్తుంది. వీటి వ్యాసం సుమారు 2 నుండి 4 మిల్లీమీటర్లు. పొగతాగేవారిలో సాధారణంగా తొడ, పొత్తికడుపు ధమనులు పూడుకుంటే, మధుమేహంలో ఈ సన్నని నాళాలే సున్నం పట్టి గట్టిపడతాయి. గట్టిపడిన నాళాన్ని పట్టీతో నొక్కలేము. కనుక చీలమండ వద్ద కొలిచిన పీడనం సాధారణంగానో, అంతకు మించియో కనిపించి వైద్యుని తప్పుదారి పట్టిస్తుంది. కాలివేలి పీడనం కొలవడమే నమ్మదగినది. అది 30 మిల్లీమీటర్ల పాదరసం కంటె తక్కువైతే గాయం దానంతట మానే ఆశ స్వల్పం.

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఛార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి నిరాకరించిన 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిని కాథెటర్లతో వెడల్పు చేశాడు. ఆమె కాలు నిలిచింది. 1974లో ఆండ్రియాస్ గ్రూన్‌జిగ్ ఈ పనికి బెలూన్‌ను ప్రవేశపెట్టాడు. నేడు గజ్జలో మాత్రమే మత్తు ఇచ్చి, సన్నని తీగను అవరోధం దాటించి, దానిమీదుగా పొడవైన బెలూన్‌ను పంపి కొన్ని నిమిషాలు ఉబ్బిస్తారు. పైనుండి తీగ దాటకపోతే పాదం వద్ద ధమనిని గుచ్చి ఎగువకు నడుపుతారు. ఎక్స్‌రేలో నాళాలు కనబడేందుకు ఎక్కించే రంగుమందు మూత్రపిండాలకు భారమగునన్నది మధుమేహ రోగుల విషయంలో మరువరాదు.

ఇలా తెరిచిన ధమని చాలామందిలో కొన్ని నెలలలోనే మరల ఇరుకవుతుంది. దీనిని వైఫల్యంగా గణించవచ్చునా? రెండు పెద్ద పరిశోధనల భేదానికి ఈ ప్రశ్న ఒక ముఖ్య కారణం. 1,830 మందితో జరిగి 2022లో వెలువడిన బెస్ట్-సీఎల్‌ఐ, మంచి సిర ఉన్నవారిలో బైపాస్‌ శస్త్రచికిత్సే మేలని తేల్చింది; అందులో పెద్ద పునశ్చికిత్స కూడా వైఫల్యమే. 345 మందితో జరిగి 2023లో వెలువడిన బేసిల్-2 కాలు కోల్పోవడాన్ని, మరణాన్ని మాత్రమే లెక్కించింది. అందులో బెలూన్‌తో మొదలుపెట్టినవారే మెరుగ్గా ఉన్నారు. బెస్ట్-సీఎల్‌ఐ వలె కాక, బేసిల్-2 మోకాలి దిగువ ధమనులకు చికిత్స అవసరమైనవారినే తీసుకున్నది.

నా దృష్టిలో రెండవ కొలమానమే ఈ ప్రాంతానికి తగినది. పుండు మానడానికి కావలసినంత రక్తం, మానిన చర్మం బ్రతకడానికి అక్కరలేదు. కనుక ధమని తిరిగి మూసుకొనేలోగా గాయం పూడితే కాలు తరచు నిలుస్తుంది. బెలూన్ ఇచ్చేది ఆ గడువే.

ఆ గడువులో పాదం పొడిగా, బరువు మోపకుండా ఉండాలి. చెరువు పట్టుబడి రోజులలో వల లాగే కూలికి ఇది వారాల తరబడి కూలి పోగొట్టుకొనుటే. చికిత్సకు పంపే ముందే గట్టుమీది కాపలావంటి పని అతనికి దొరుకునో లేదో విచారించడం వైద్యబృందం విధులలో చేరాలి. అంతకంటె ముందు, వేలు తొలగించడానికి పూనుకొనే ప్రతి చోట చేతి డాప్లర్‌తో పాదంలోని ప్రవాహాన్ని పరీక్షించాలి. రక్తం అందని చోట కోసిన గాయమూ మానదు, తరువాతి కోత మరింత పైన పడుతుంది.