మధుమేహం, తొడ కండరం: అపోహలు – వాస్తవాలు

మధుమేహం కళ్లను, మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుందని తెలిసినవారు సైతం కండరాల జోలికి అది రాదని నమ్ముతారు. ఈ నమ్మకం సరికాదు. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేనివారిలో, ముఖ్యంగా అప్పటికే మూత్రపిండాలో కంటిలోని రెటీనాయో దెబ్బతిన్నవారిలో, అరుదుగా కండరంలో కొంత భాగం రక్తం అందక నశిస్తుంది. డయాబెటిక్ మయోనెక్రోసిస్ అనే ఈ స్థితిని స్వీడన్ వైద్యులు ఆంగర్‌వాల్, స్టెనర్ 1965లో తొలిసారి వర్ణించారు.

తొడ పట్టేసిందని నూనె రాసి మర్దన చేయించడం, నడిస్తే సర్దుకుంటుందని బలవంతంగా నడిపించడం ఇళ్లలో సాధారణం. ఈ వ్యాధిలో మాత్రం ఏ దెబ్బా తగలకుండానే సాధారణంగా ఒక తొడలో, ఒక్కోసారి పిక్కలో, నొప్పి మొదలై, కొద్ది రోజుల్లో ఆ చోటు వాచి, తాకనివ్వనంత సున్నితమై, కొందరిలో చేతికి గట్టి గడ్డలా తగులుతుంది. దెబ్బతిన్న కండరానికి ఆ దశలో కావలసింది విశ్రాంతి; తొందరపడి చేయించే వ్యాయామం కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చు.

పాదంలో నాడి చక్కగా అందుతోంది గనుక రక్తప్రసరణ లోపం లేదనే వాదనా నిలవదు, ఎందుకంటే ఇక్కడ దెబ్బతినేవి ప్రధానంగా కండరం లోపలి సూక్ష్మ రక్తనాళాలు.

గడ్డ కనిపించగానే చీముగడ్డనో క్యాన్సరనో భావించి కోయాలనుకోవడం మరింత హానికరం. సిరలో రక్తం గడ్డకట్టలేదని డాప్లర్ పరీక్షతో నిర్ధారించుకుని, ఎంఆర్ఐ తీస్తే చాలామందిలో వ్యాధి తేలిపోతుంది. కోత పెట్టి ముక్క తీసే బయాప్సీ వల్ల కోలుకునే కాలం పెరుగుతుంది కనుక సందేహం తీరనప్పుడే దానిని ఆశ్రయిస్తారు. అయితే తీవ్ర జ్వరం ఉంటే చీము పట్టిందేమో వెంటనే చూడవలసిందే.

తొడనొప్పి అంతా ఇదేననుకోవడమూ పొరపాటే. డయాబెటిక్ అమయోట్రఫీ అనే మరో స్థితిలో మూలం నరాలలో ఉంటుంది. నొప్పి తరువాత తొడ వాచదు, సన్నబడుతుంది, బరువు తగ్గుతుంది, మధుమేహం స్వల్పంగా ఉన్నవారికీ అది రావచ్చు.

మయోనెక్రోసిస్ సాధారణంగా విశ్రాంతి, నొప్పి నివారణ, షుగర్ నియంత్రణలతో వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మందుల దుకాణంలో సొంతంగా కొనే నొప్పి మాత్రలు వాటికి మరింత చేటు చేయవచ్చు. తొడ నయమవడంతో వ్యాధి ముగిసిందనీ అనుకోరాదు: అదే కాలిలోనో రెండో కాలిలోనో అది మళ్లీ రావడం తరచుగా జరిగేదే.