సామాజిక మాధ్యమాలు – ఎంపిక విధానం

వార్తాపత్రికలో ఏ వార్త మొదటి పుటలో ఉండవలెనో సంపాదకుడు నిర్ణయిస్తాడు. ఆయన పేరు పత్రికపై ముద్రించి ఉంటుంది. నిర్ణయం నచ్చనివారు ఆయనకు ఉత్తరం వ్రాయవచ్చు. మన చేతిలోని ఫోనుకు కూడా ఒక మొదటి పుట ఉన్నది. కాని ప్రతి పాఠకునికీ వేరువేరుగా దానిని కూర్చేది మనిషి కాదు, ఒక గణన విధానం. దానినే అల్గారిదమ్ అంటున్నాము.

ఈ పదానికి మూలం తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో విద్యాకృషి చేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు. భారతీయ అంకెలతో లెక్కించే పద్ధతిని వివరించిన ఆయన గ్రంథం లాటిన్ భాషలోకి వెళ్ళగా, ఆయన నామమే ఆ పద్ధతికి పేరుగా నిలిచింది. అల్గారిదమ్ అనగా ఒక పనిని ఏ నియమాలతో, ఏ క్రమంలో చేయవలెనో తెలిపే సూత్రావళి.

ఫేస్‌బుక్ 2006లో న్యూస్ ఫీడ్‌ను ప్రవేశపెట్టింది. మిత్రుల విశేషాలన్నీ ఒకచోట చేరినవి. వాటిలో ఏది ముందు చూపవలెను? ఇందుకు వాడుతున్న మూడు కొలతలను ఆ సంస్థ 2010లో వెల్లడించింది. వ్రాసినవారితో పాఠకునికి గల సాన్నిహిత్యం మొదటిది, స్పందన యొక్క విలువ రెండవది, గడచిన కాలం మూడవది. నేడు కొలతల సంఖ్య ఎంతో పెరిగినా మౌలిక సూత్రం మారలేదు. ముందుగా మనకు చూపదగిన అంశాలను యంత్రం ప్రోగు చేస్తుంది. మన పూర్వపు అలవాట్లను బట్టి ఒక్కొక్కదానిని మనము మెచ్చుకుంటామా, వ్యాఖ్య వ్రాస్తామా, ఇతరులకు పంపుతామా, చివరిదాకా చూస్తామా అని అంచనా కడుతుంది. ప్రతి అంచనాను దానికి నిర్ణయించిన తూకంతో గుణించి, మొత్తం కూడి, ఎక్కువ వచ్చినదానిని పైన ఉంచుతుంది.

ఉదాహరణకు మెప్పుకు 1, వ్యాఖ్యకు 10 తూకమని ఊహించుదాము. ఉపకార వేతనాల గడువు తెలిపే ప్రకటనను చూచిన నూరుగురిలో పదిమంది మెచ్చుకుని, ఒక్కరు వ్యాఖ్య వ్రాస్తారనుకుంటే మొత్తం 20. ఒక వీధి తగాదాను చూచినవారిలో ఐదుగురు మెచ్చుకుని, ఇరవైమంది వాదులాడితే మొత్తం 205. తగాదా పైకి వస్తుంది, ప్రకటన అడుగున పడుతుంది. ఏది నిజం, ఏది అవసరం అనే ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా రాలేదు.

తూకాలను నిర్ణయించేది మాత్రం మనుషులే. యూట్యూబ్ 2012లో ఎందరు తెరిచారన్నదానికంటె ఎంతసేపు చూచారన్నదానికి ప్రాధాన్యమిచ్చింది. ఫేస్‌బుక్ 2017లో కోపం మొదలగు భావచిహ్నాలకు సాధారణ మెప్పుకంటె ఐదు రెట్లు విలువ కట్టిందని 2021లో బయటపడిన పత్రాలు తెలిపినవి. కోపచిహ్నపు విలువను ఆ సంస్థయే 2020లో సున్నా చేసింది. చేసినవారు మార్చగలరనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఈ విధానం వలన మేలు లేకపోలేదు. ధనము, పలుకుబడి లేని పల్లెటూరి గాయకుని పాట, ఉపాధ్యాయుని పాఠం లక్షలమందిని చేరగలుగుతున్నవి. అందుచేత విధానాన్ని నిషేధించుట కాక, దానిపై పాఠకునికి అధికారం కల్పించుట మార్గం. పాఠకుని అలవాట్లపై ఆధారపడని వరుసను కూడా పెద్ద సంస్థలు అందించవలెనని ఐరోపా సమాఖ్య చట్టం విధించింది. 2023 నుండి అది వాటికి అమలులో ఉన్నది.

విద్యార్థి మిత్రులు గుర్తుంచుకోవలసినది ఒక్కటే. తెరపై ముందు కనిపించినది ముఖ్యమైనదని అర్థం కాదు; మనలను ఆపగలదని యంత్రం తలచినదని మాత్రమే అర్థం. మనము ఆగిన ప్రతి క్షణం రేపటి వరుసకు మనము వేసే ఓటు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం కూడా ఒకటి ఉన్నది. ఉపకార వేతనాల గడువులు, పరీక్ష తేదీలు ఈ మాధ్యమాలకే వదలక, ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను నోటీసు బోర్డుపై ఉంచవలెను. అక్కడ ప్రతి విద్యార్థికీ ఒకే వరుస కనిపిస్తుంది.