జ్వాలాపురపు బూడిద

నంద్యాల జిల్లాలో బనగానపల్లె ప్రాంతమున జుర్రేరు అను చిన్న ఏరు కలదు. దాని లోయలోని జ్వాలాపురమను గ్రామము వద్ద నేలను త్రవ్వినచో, మట్టిపొరల నడుమ తెల్లని మెత్తని పొర యొకటి బయటపడును. కొన్నిచోట్ల దాని మందము రెండు మీటర్లకు మించును. చూచుటకు పిండివలె నుండును. ఇది అగ్నిపర్వతపు బూడిద. కాని ఆ చుట్టుప్రక్కల నెక్కడను అగ్నిపర్వతము లేదు. మఱి ఇది ఎచటినుండి వచ్చినది?

దీని జన్మస్థానము 2,600 కిలోమీటర్లకు పైగా దూరమున, బంగాళాఖాతమున కావల, సుమత్రా ద్వీపమున కలదు. అచట తోబా అను సరస్సున్నది. దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. అగ్నిపర్వతపు కప్పు కూలిపోగా ఏర్పడిన గుంటయే నేటి ఈ సరస్సు.

ప్రేలుడు ఎట్లు సంభవించినది?

సుమత్రాకు పడమటనున్న సముద్రపు అడుగుభాగము ఒక గొప్ప శిలాఫలకము. అది మెల్లగా కదలి ద్వీపము క్రిందికి దూరుచున్నది. దానితో పాటు నీరును లోనికి పోవును. నీరు చేరిన శిల తక్కువ వేడిమికే కరగును. అట్లు పుట్టిన శిలాద్రవమున సిలికా అధికమైనచో అది జిగటగా నుండి, తనలోని వాయువులను సులభముగా వెలికి పోనీయదు.

గోలీసోడా కొట్టినప్పుడు నురుగు పైకి చిమ్ముట మనమెల్లరము చూచినదే. ఒత్తిడి తగ్గగానే ద్రవములో కరగియున్న వాయువు బుడగలై ఉబ్బును. తోబాలోను జరిగినది ఇదియే. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట దాదాపు 2,800 ఘన కిలోమీటర్ల శిలాద్రవము వెలువడెను. అడుగున ఆధారము పోగా పైనున్న నేల కూలిపోయెను. పిమ్మట ఆ గుంట నడుమ కొంత నేల మరల పైకి లేచెను. అదియే నేటి సమోసిర్ ద్వీపము.

కట్టెల బూడిదవలె ఇది కాలగా మిగిలినది కాదు. బుడగలు పగులగా శిలాద్రవము తునాతునకలై, చల్లారి, గాజుపలుకులైనది. ఆ పలుకుల రసాయనిక సంఘటనమును పోల్చియే జ్వాలాపురపు బూడిద తోబాదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ లోయలో ఏటినీరు చుట్టుప్రక్కల బూడిదను కొట్టుకొని వచ్చి చేర్చుటచేతనే పొర అంత మందమైనది.

శీతోష్ణస్థితి మారెనా?

బూడిద కొలది కాలముననే నేల రాలును. చలికి ముఖ్యకారణము గంధకపు వాయువు. అది వానమేఘముల కంటె పైనున్న స్ట్రాటోస్ఫియరును చేరి, గంధకామ్లపు సూక్ష్మబిందువులుగా మారి, సూర్యరశ్మిని వెనుకకు మరలించును. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో ప్రేలినప్పుడు భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ సెంటిగ్రేడు తగ్గెను.

పినటూబోయే ఇంత చేయగా, తోబా మానవజాతిని దాదాపు తుడిచిపెట్టియుండునని కొందరు ఊహించిరి. దీనిని పరీక్షించుటకు జ్వాలాపురము తోడ్పడినది. బూడిద పొరకు దిగువను, ఎగువను కూడ రాతి పనిముట్లు దొరకినవి. రెంటి తీరును చాలవరకు ఒక్కటేయని 2007లో పరిశోధకులు ప్రకటించిరి. అనగా ఆ విపత్తు తరువాత కూడ మనుష్యులు ఈ లోయలో అదే విధమున పనిముట్లు చేసికొనిరని వారి అభిప్రాయము. అయితే అచట ఆ కాలపు మానవుల ఎముకలు దొరకలేదు గనుక, వారు ఏ జాతివారో ఇంకను వివాదాంశమే.

ఇతర సాక్ష్యములు ఏకరీతిగా లేవు. తోబా తరువాత మధ్యభారతమున అడవులు తగ్గి గడ్డినేలలు పెరిగెనని 2009లో ఒక పరిశోధన తెలిపెను. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగునను తోబా గాజుపలుకులు దొరకినవి. కాని అచట చెప్పుకోదగిన చలి గుర్తులు లేవని 2013లో వెల్లడియైనది. దీనినిబట్టి దెబ్బ అన్నిచోట్ల ఒకే తీరుగా తగులలేదని తోచుచున్నది.

జ్వాలాపురపు బూడిదను త్రవ్వి అమ్ముకొనుటయు జరిగినది. పొర చెదరినచో ఏ పనిముట్టు దానికి దిగువది, ఏది ఎగువది అని చెప్పుట అసాధ్యము. పోయిన పొరను మరల పేర్చలేము. ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు విద్యార్థులను అచటికి కొనిపోయి, దేనిని కదల్పక, ఆ తెల్లని గీతను కన్నులార చూపింతురుగాక!