ముగ్గురి ఆట... ఆగిపోయిన స్టోర్లు!

2025 సెప్టెంబర్ 4, గురువారం. సాయంత్రం ఏడున్నరకల్లా లాప్‌టాప్ ముందు సెటిలైపోయా. ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ గేమ్ కొందామంటే స్టీమ్ స్టోర్ ఓపెన్ అయితేగా! ప్రపంచమంతా ఒక్కసారిగా మీద పడేసరికి ఆన్‌లైన్ స్టోర్లన్నీ మొరాయించాయి. ఇంతకీ ఆ గేమ్ వేల మంది ఉద్యోగులున్న కంపెనీది కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉన్న టీమ్ చెర్రీది. అసలు టీమ్‌ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆరి గిబ్సన్, విలియం పెలెన్ 2013లో ‘లుడమ్ డేర్’ అనే పోటీ కోసం ‘హంగ్రీ నైట్’ అనే బుల్లి గేమ్ చేశారు. అందులోని హీరోనే పెద్ద గేమ్‌లో పెడదామనుకుని, 2014లో కిక్‌స్టార్టర్‌లో 35 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు అడిగారు. 57 వేలు దాటి వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో ‘హాలో నైట్’ విడుదలైంది. ధర 15 డాలర్లే. మరుసటి ఏడాది నింటెండో స్విచ్‌లోకీ వచ్చాక దశ తిరిగింది. 2025 నాటికి కోటిన్నర కాపీలు అమ్ముడయ్యాయి!

చందాలిచ్చిన వాళ్లకి ఇంకో మాట కూడా ఇచ్చారు... హార్నెట్ అనే పాత్రతోనూ ఆడుకోవచ్చని. ఆ చిన్న అదనపు భాగమే పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అయింది. 2019లో ప్రకటించారు. ఆ తర్వాత ఆరున్నరేళ్లు! ‘ఇక రాదులే’ అని అభిమానులే జోకులేసుకున్నారు. పని ఎక్కడో ఇరుక్కుపోయిందేమో అనుకున్నాం. చివరికి వాళ్లు చెప్పిందేంటంటే... చేస్తుంటే సరదాగా ఉంది, అందుకే చేస్తూ పోయామని.

రెండు వారాల స్ప్రింట్లలో బతికే నాకు ఆ మాట చదివి కుళ్లొచ్చింది. మా దగ్గర ఒక్కరోజు లేటయితే మూడు మీటింగులు. నిజం చెప్పొద్దూ, ఓపిక ఒక్కటే ఉంటే సరిపోదు. మొదటి గేమ్ డబ్బులే వాళ్లకి ఆ టైమ్ కొనిపెట్టాయి. నాకైతే ఈఎంఐలున్నాయి.

కానీ ఆ మొదటి గేమ్ చేసినప్పుడు వాళ్ల దగ్గరా డబ్బుల్లేవు కదా? ఇంజినీరింగ్ ఫైనలియర్లో నేనూ, నా రూమ్మేటూ సగంలో వదిలేసిన గేమ్ ఒకటుంది. ఆ రాత్రి స్టోర్ ఓపెన్ అయ్యేలోపు పాత హార్డ్‌డిస్క్ వెతికి ఆ ఫోల్డర్ తెరిచా. ఐదేళ్ల కిందటి కోడ్... చూస్తే సిగ్గేసింది. వాడికి ఫోన్ చేశా. ‘ఆదివారాలు కూర్చుందాం రా’ అన్నాడు. ప్రస్తుతానికి నాలుగు ఆదివారాలయ్యాయి. హీరో గెంతుతున్నాడు!